ఆరో ముక్క మీదైతే ఐదూ మీ నెత్తినే

ఈ ఆట అసలు పేరు పెద్దవాళ్ల ముందు గట్టిగా పలకలేం. డబ్బా మీద 6 అని పెద్ద అంకె, దాని పక్కన 'నిమ్ట్!' అని ఉంటుంది. జర్మన్ వాళ్ల అంకెల ముక్కల ఆట. వాళ్ల భాషలో ఆరును 'జెక్స్' అంటారట. దీన్ని మాకు తెచ్చిపెట్టిన ఫ్రెండ్ మా హాల్లో కూర్చుని ఆ మాటను రెండుసార్లు స్పష్టంగా పలికి చూపించేసరికి వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది. మా అమ్మ గుమ్మం దాకా వచ్చి అందరి మొహాలూ ఒకసారి చూసి వెళ్లింది. ఆ రోజు నుంచి మాకిది నిమ్మకాయ ఆట.

'నిమ్ట్' అంటే తీసుకుంటుంది అని అర్థం. ఆరోది తీసుకుంటుంది. ఆట మొత్తం ఆ రెండు మాటల్లోనే ఉంది, కానీ అది నాకు మూడు రౌండ్లు ఓడిపోయాక గానీ అర్థం కాలేదు.

నేను చిక్కడపల్లిలో ఇంటర్ పిల్లలకు లెక్కలు చెబుతాను. ఉండేది సీతాఫల్‌మండిలో, అమ్మతో. కోఠీ విమెన్స్ కాలేజీలో కలిసి డిగ్రీ చదివినవాళ్లం ఏడుగురం ఇంకా ఈ ఊళ్లోనే ఉన్నాం. నెలకోసారి, రెండో శనివారం, ఎవరో ఒకరింట్లో కలుస్తాం. మాలో ఇద్దరు బ్యాంకుల్లో చేస్తారు, వాళ్లకు ఆ రోజు సెలవు. ఒకామె మియాపూర్‌లో మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో మారి, మెట్టుగూడలో దిగి, అక్కణ్ణుంచి ఆటోలో వస్తుంది. ఇంకొకామె ఎల్బీనగర్ నుంచి. అంత దూరం వచ్చి ఏం చేసేవాళ్లమంటే, మొదటి అరగంట పిల్లల ర్యాంకులు, తర్వాతి అరగంట మోకాళ్ల నొప్పులు, ఆ తర్వాత ఎవరి ఫోను వాళ్లది. ఒకరోజు ఏడుగురం ఒకే గదిలో కూర్చుని ఒకే వాట్సాప్ గ్రూపులో ఒకరికొకరం వీడియోలు పంపుకుంటున్నామని గమనించాక సిగ్గేసింది. ఏదైనా ఆట ఆడదాం అనుకున్నది అప్పుడే.

తంబోలా రెండు నెలలు నడిచింది. నంబర్లు చదివే మనిషికి తప్ప ఎవరికీ పని ఉండదు అందులో. ఊనో తెచ్చాం. ఊనోతో తంటా ఏంటంటే, ప్లస్ ఫోర్ వేసేటప్పుడు మనిషిని చూసి వేస్తాం. పక్కన కూర్చున్నది ఎవరో తెలుసు, ఆమె చేతిలో ఒక్క ముక్కే ఉందని తెలుసు, వేస్తాం. ఆమె గుర్తుపెట్టుకుంటుంది. ప్లస్ ఫోర్ మీద ప్లస్ ఫోర్ వేయొచ్చా వేయకూడదా అని ఒక రాత్రి పదకొండు దాకా పంచాయితీ అయింది. (కంపెనీ రూల్స్ ప్రకారం వేయకూడదు. నేను అది చదివి వినిపించినా ఎవరూ వినలేదు.) తర్వాత పిల్లిపిల్లలు పేలిపోయే ఆట, ఎక్స్‌ప్లోడింగ్ కిట్టెన్స్. బొమ్మలు బావుంటాయి, కానీ అందులో ఓడినవాళ్లు ఆటలోంచి బయటికి పోవాలి. బయటికి పోయినవాళ్లు ఏం చేస్తారు? ఫోను తీస్తారు. మళ్లీ మొదటికే వచ్చాం.

రమ్మీ మా అందరికీ వచ్చు. కానీ మా ఇంట్లో పేక పెట్టడానికి లేదు. మా నాన్న లాలాగూడ రైల్వే వర్క్‌షాప్‌లో చేసేవాడు. జీతం రోజు ఆయన ఇంటికి ఎన్ని గంటలకు వస్తాడో, ఎంతతో వస్తాడో మా అమ్మకు పెళ్లయిన కొత్తలోనే అర్థమైపోయింది. నాన్న ఎప్పుడూ ఒకటే మాట చెప్పేవాడు, రమ్మీ జూదం కాదు, సుప్రీంకోర్టే చెప్పింది అని. అది నిజమే. సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బు మీద పోలీసులు పెట్టిన కేసు ఢిల్లీ దాకా వెళ్తే, 1967లో సుప్రీంకోర్టు రమ్మీ ప్రధానంగా నేర్పుతో ఆడే ఆట అంది. పడిన ముక్కలు గుర్తుపెట్టుకోవాలి, ఏది ఉంచుకోవాలో ఏది దించాలో తెలియాలి అని కూడా చెప్పింది. మా అమ్మ సుప్రీంకోర్టును లెక్కచేసేది కాదు. నాన్న పోయిన తర్వాత, 2017లో, డబ్బులు పెట్టి ఆడే ఆన్‌లైన్ రమ్మీని తెలంగాణ ప్రభుత్వం నిషేధించిందని టీవీలో చూసి, "ఇప్పటికి కండ్లు తెరిచిన్రు" అని ఛానెల్ మార్చింది.

అందుకని నిమ్మకాయ ఆట డబ్బా మా ఇంట్లో మొదటిసారి తెరిచినప్పుడు నాకు కాస్త టెన్షన్‌గానే ఉంది. ఎల్బీనగర్ ఫ్రెండ్ కొడుకు ఆచెన్‌లో ఎంఎస్ చదువుతున్నాడు. వాణ్ణి చూడ్డానికి వెళ్లి వస్తూ ఇది తెచ్చింది. చాక్లెట్లు వస్తాయనుకుని కూర్చున్నవాళ్లకు అరచేతిలో పట్టే ఒక అట్టపెట్టె చూపించింది. అందులో ఇస్పేటు లేదు, ఆటీను లేదు, రాజూ రాణీ ఎవరూ లేరు. అంకెలు, వాటితో పాటు చిన్న చిన్న ఎద్దు తలకాయలు. అమ్మ ఒక ముక్క తీసి అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది పేక గాదు" అని తనే తీర్పు చెప్పి లోపలికి వెళ్లింది. మేం ఊపిరి పీల్చుకున్నాం.

ఆట గురించి చెబుతాను. 1 నుంచి 104 దాకా 104 ముక్కలు. తలా పది పంచుతారు. ఇంకో నాలుగు తీసి టేబుల్ మీద ఒకదాని కింద ఒకటి పెడతారు, అవి నాలుగు వరుసలకు మొదటి ముక్కలు. ఇక ప్రతిసారీ అందరూ తమ చేతిలోంచి ఒక ముక్క ఎంచుకుని బోర్లా పెడతారు. అందరూ పెట్టాక ఒక్కసారే తిప్పుతారు. అన్నిటికన్నా చిన్న అంకె ముందు వెళ్తుంది, తర్వాత దాని పైది, అలా. ప్రతి ముక్కకూ వెళ్లాల్సిన వరుస ఒక్కటే ఉంటుంది: వరుసల చివర ఉన్న ముక్కల్లో, మన అంకె కన్నా చిన్నవాటిలో, దానికి అన్నిటికన్నా దగ్గరగా ఉన్నది ఏదో దాని పక్కన. మనం ఎంచుకునేది ఏమీ లేదు.

వరుసలో ఐదు ముక్కలే పడతాయి. ఆరో ముక్క మీదైతే ముందున్న ఐదూ మీరు తీసుకోవాలి, మీ ముక్క కొత్త వరుసకు మొదలవుతుంది. తీసుకున్నవి చేతిలో కలుపుకోకూడదు, ముందు బోర్లా పెట్టుకోవాలి. ఊనో అలవాటున్నవాళ్లందరూ మొదటి ఆటలో ఈ తప్పు చేస్తారు, ముందే చెప్పండి. మీ అంకె నాలుగు వరుసల చివరి ముక్కలన్నిటికన్నా చిన్నదైతే, మీకు నచ్చిన వరుస ఒకటి ఎత్తుకోవాలి. అలా ఎత్తుకున్న ముక్కల మీద ఎన్ని ఎద్దు తలలుంటే అన్ని పాయింట్లు. పాయింట్లు అంటే మంచివి కావు. తక్కువ ఉన్నవాళ్లు గెలుస్తారు. ఎవరికైనా 66 దాటితే ఆ రౌండుతో ఆట అయిపోతుంది.

మేం ఎద్దు తలల్ని బుర్రలు అంటాం. మామూలు ముక్క మీద ఒక బుర్ర. 5తో ముగిసేవాటి మీద రెండు, సున్నాతో ముగిసేవాటి మీద మూడు. 11, 22, 33 లాంటి జంట అంకెల మీద ఐదు. 55 అటు ఐదుతోనూ ముగుస్తుంది, ఇటు జంట అంకె కూడా కాబట్టి రెండూ కలిసి ఏడు. లెక్కల టీచర్ని కదా, మొదటి రోజు రాత్రే కూర్చుని లెక్కగట్టాను. పెట్టెలో మొత్తం 171 బుర్రలు. మొదట్లో ఇది మరీ తిక్క లెక్కగా అనిపించింది. పదోసారి ఆడేసరికి మా మియాపూర్ ఫ్రెండ్, కాలేజీలో స్టాటిస్టిక్స్ పేపరు రెండుసార్లు రాసిన మనిషి, ముక్క మీద చూడకుండానే "అది మూడు, అది ఐదు, పద్దెనిమిది తిన్నావే" అని గడగడా చెప్పేస్తోంది.

దీన్ని కనిపెట్టింది వోల్ఫ్‌గాంగ్ క్రామర్ అనే జర్మన్ ఆయన. 1994లో అమిగో అనే కంపెనీ దీన్ని బయటికి తెచ్చింది. ఆ ఏడాది జర్మన్ గేమ్స్ అవార్డు, వాళ్లు డాయిచర్ ష్పీలే ప్రైస్ అంటారు, దీనికే వచ్చింది. ముప్పై ఏళ్లు దాటినా ఇంకా అచ్చవుతూనే ఉంది. ఎందుకో చెప్పాలంటే మా ఇంట్లో జరిగిన ఒక్క సంగతి చెబితే చాలు.

ఆరుగురం ఆడుతున్నాం. మొదటి వరుసలో 4, 5, 9, 11, 12, అంటే ఐదూ నిండి ఉన్నాయి. రెండో వరుసలో 21, 26, 34, 37. మూడో వరుసలో ఒంటరిగా 55. నాలుగో దాంట్లో 70, 77, 83, 91. నా చేతిలో 38 ఉంది. 37 పక్కన 38. మధ్యలో ఎవరూ దూరడానికి అంకే లేదు. ఇంతకన్నా భద్రమైన ముక్క ఈ ఆటలో ఉండదు. హాయిగా బోర్లా పెట్టి చాయ్ తాగుతున్నాను. అందరూ తిప్పారు. మా అమ్మ 3 వేసింది.

3 అన్నిటికన్నా చిన్నది, కాబట్టి అమ్మ ఒక వరుస ఎత్తుకోవాలి. మొదటి వరుసలో పది బుర్రలు. నాలుగో దాంట్లోనూ పదే. మూడో దాంట్లో ఉన్నది ఒక్క ముక్కే అయినా ఏడు. రెండో వరుస మొత్తం కలిపినా నాలుగే. ఆమె వేలితో లెక్కపెట్టుకుని, చవగ్గా ఉందని రెండో వరుస ఎత్తుకుంది. నా 37 పోయింది. ఇప్పుడు నా 38 ఎక్కడికి వెళ్లాలి? దాని కన్నా చిన్నవాటిలో దగ్గరిది 12. ఆ వరుస నిండి ఉంది. నాది ఆరో ముక్క. పది బుర్రలు నాకు. అమ్మ నా మీద కక్షతో ఏమీ చేయలేదు, తన ఖర్చు తను తగ్గించుకుంది, అంతే. కూరగాయల బండి దగ్గర చేసేదీ అదే.

నాకు నచ్చింది ఇదే. ఇందులో దెబ్బ తగులుతుంది, కానీ కొట్టిన మనిషి ఉండదు. ఊనోలో తగిలిన దెబ్బకు ఒక మొహం ఉంటుంది, ఇంటికి వెళ్లాక కూడా ఆ మొహం గుర్తొస్తుంది. ఇక్కడ అందరూ ఒకేసారి తిప్పుతారు, ఎవరి ముక్క ఎవరి ముక్కను ఎటు తోస్తుందో వేసినవాళ్లకే తెలీదు. తిప్పిన తర్వాత రెండు సెకన్లు ఎవరూ మాట్లాడరు, అంకెలు వరసగా చూసుకుంటుంటారు, ఆ తర్వాత ఎవరో ఒకరు "అయ్యో" అంటారు. మిగతావాళ్లు పడీపడీ నవ్వుతారు. ఇంకో ముఖ్యమైన సంగతి, మన వంతు కోసం కూర్చోవడం లేదు. ఏడుగురు ఆడినా ఏడుగురికీ ప్రతిసారీ పని ఉంటుంది. మా గ్యాంగ్‌లో ఫోను మోగితే విసుక్కునేది ఈ ఆట ఆడేటప్పుడే.

అమ్మ ఎలా వచ్చి కూర్చుందో చెప్పలేదు కదా. మూడో నెలో నాలుగో నెలో. ఇద్దరు రాలేదు, ఐదుగురమే ఉన్నాం. అమ్మ బజ్జీల ప్లేటు తెచ్చి నా వెనక నిలబడింది. నేను 104 వేయబోతున్నాను. "గది ఇప్పుడెందుకే, పెద్దది ముందుగాల వదిలించుకోవద్దా" అంది. నేను తిరిగి చూశాను. ఎప్పుడూ పేక ముట్టని మనిషి. ముప్పై ఏళ్లు నాన్న చేతిలో ముక్కలు వెనక నిలబడి చూసి చూసి నేర్చుకున్నదేమో, అడిగితే చెప్పదు. చివరికి నేనే జరిగి చోటిచ్చాను. ఆ రోజు ఆమెకు మొత్తం కలిపి పంతొమ్మిది బుర్రలు, నాకు అరవై ఎనిమిది. ఇప్పుడు రెండో శనివారం మా ఇంట్లో కాకపోతే, "ఈసారి ఎవరింట్ల" అని అడిగి ఆమె కూడా ఆటో ఎక్కుతుంది.

ఆమె చెప్పినదాంట్లో నిజం ఉంది. పెద్ద ముక్కలు మొదట్లోనే, పై వరుసలో చోటు ఉన్నప్పుడే వేసేయాలి. పది ముక్కల రౌండులో ఏడో సారికి వచ్చేసరికి 90ల వరుస నిండిపోతుంది, అప్పుడు చేతిలో 98 పట్టుకుని కూర్చున్నవాళ్ల బాధ చూడలేం. చిన్నవాటికి మాత్రం ఎదురుచూడాలి. 1, 2, 3 లాంటివి ఎప్పుడు వేసినా దాదాపుగా ఏదో ఒక వరుస ఎత్తుకోక తప్పదు, కాబట్టి ఎక్కడైనా ఒకటో రెండో బుర్రల వరుస కనిపించగానే అప్పుడు వేసి చవగ్గా బయటపడాలి. ఇంతకన్నా వ్యూహం నాకు తెలీదు. బ్యాంకులో చేసే ఒక ఫ్రెండ్‌కి తెలుసు, ఆమె వరుసల మధ్య దూరాలు లెక్కవేసుకుని, పడిపోయిన ముక్కలు గుర్తుపెట్టుకుని, రెండు నిమిషాలు ఆలోచించి వేస్తుంది. అందరికన్నా ఎక్కువసార్లు ఓడేది కూడా ఆమే. అందుకే ఆమెకు ఈ ఆటంటే పెద్దగా ఇష్టం లేదు. "ఇది లక్కే తప్ప ఇంకేం కాదు" అంటుంది. ఆమె మాట కొట్టిపారేయను. ఎనిమిది, తొమ్మిది మంది ఆడితే నిజంగా లాటరీలాగే ఉంటుంది. నెమ్మదిగా ఆలోచించి, ఎత్తు మీద ఎత్తు వేసి గెలవాలనుకునేవాళ్లు దీన్ని కొనకండి, చదరంగం ఉంది.

అలాంటివాళ్ల కోసమే ఇందులో ఇంకో పద్ధతి ఉంది. ఎంతమంది ఆడుతున్నారో దాన్ని పదితో గుణించి నాలుగు కలపాలి. ఆ అంకె దాకా ఉన్న ముక్కలే తీసుకోవాలి. నలుగురైతే 44 దాకా, ఆరుగురైతే 64 దాకా. అప్పుడు ముక్కలన్నీ ఆటలోనే ఉంటాయి, మన చేతిలో లేనిది, టేబుల్ మీద లేనిది ఎవరో ఒకరి దగ్గర ఉన్నట్టే. లెక్కకు పని పెరుగుతుంది. సరిగ్గా ఐదుగురు ఆడితే మాత్రం 54 దగ్గర ఆగిపోతుంది, 55 రాదు. దాని ఏడు బుర్రలు లేకపోతే నాకు మజా అనిపించదు కాబట్టి ఐదుగురం ఉన్న రోజు మేం మొత్తం పెట్టెతోనే ఆడతాం.

డబ్బా మీద ఇద్దరి నుంచి పదిమంది దాకా ఆడొచ్చని ఉంటుంది. ఇద్దరితో ఆడితే ఉప్పు లేని పప్పు, మీరూ మీవారూ ఆడుకుందామని మాత్రం తీసుకోకండి. ముగ్గురితో పరవాలేదు. ఐదు నుంచి ఏడుగురు దీనికి సరైన లెక్క. పదిమందితో ఒక్కసారి ఆడాం, మా ఫ్రెండ్ చెల్లెలి పెళ్లికి ముందు రోజు రాత్రి, నాగోల్‌లో ఫంక్షన్ హాలు గదిలో. తలా పది అంటే వంద, వరుసలకు నాలుగు, పెట్టె ఖాళీ. ఒక్కొక్కసారికి పది ముక్కలు పడుతుంటే నాలుగు వరుసలు ఏం సరిపోతాయి. ప్రతిసారీ ఇద్దరు ముగ్గురు తింటూనే ఉన్నారు. పెళ్లికూతురు ఒకే రౌండులో 41 బుర్రలు తింది. మా నోటుబుక్కులో ఇప్పటికీ అదే రికార్డు. మెహందీ ఆరని చేతులతో ఆడింది కాబట్టి ముక్కలు ఆమెకు బదులు వాళ్ల మేనకోడలు పట్టుకుంది. తప్పు ఎవరిదో ఇంకా తేలలేదు.

ఇబ్బందులు కూడా చెప్పాలి. నాలుగు వరుసలు, వరుసకు ఐదు ముక్కలు పరవడానికి చోటు కావాలి. గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో వైజాగ్ వెళ్తూ బెర్తు మీద పేపరు పరిచి ఆడబోయాం, కాజీపేట దాటకముందే ముక్కలన్నీ ఒకవైపుకు జారిపోయి ఏది ఏ వరుసదో తెలియకుండా పోయింది. డాబా మీద ఆడితే గాలి ఊరుకోదు. మేం వరుసకొక చింతపిక్క పెడదామని చూశాం, ముక్కతో పాటు పిక్కా ఎగిరింది. ఫ్యాను కింద కూడా అంతే, మూడు మీద పెట్టకూడదు. ముక్కలు మంచివే కానీ పలచన. పునుగులూ బజ్జీలూ తిన్న చేత్తో పట్టుకుంటే నూనె మరక పడి ఆ ముక్క వెనక నుంచే గుర్తుపట్టేంతగా అవుతుంది. ప్లాస్టిక్ తొడుగులు వేసుకోవడం మంచిది, లేదా తిండి అయ్యాకే పెట్టె తెరవండి. మేం రెండూ చేయం. రౌండు అయ్యాక బుర్రలు లెక్కపెట్టడం కూడా కాస్త విసుగే, ఆ పని లెక్కల టీచరు ఉన్న ఇంట్లో ఎవరి మీద పడుతుందో మీకు చెప్పక్కర్లేదు.

డబ్బులు పెట్టి ఆడం. 66 దాటినవాళ్లు వచ్చే నెల టిఫిన్ తేవాలి, అంతే. ఒకసారి పక్కింటి అంకుల్ కిటికీలోంచి చూసి, "ఏమ్మా, పేకాటా?" అని నవ్వుతూనే అడిగారు. నేను నోరు తెరిచేలోపే అమ్మ, "పేక గాదన్నా, నిమ్మకాయ" అంది. ఆయనకేం అర్థమైందో తెలీదు, తల ఊపి వెళ్లారు.

కొనే సంగతి. ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. ఇంగ్లీషులో దీన్నే 'టేక్ 5' అనే పేరుతో కూడా అమ్ముతారు, కాబట్టి రెండు పేర్లతోనూ వెతకండి. బయటి దేశం సరుకు కాబట్టి ఒక్కో చోట ఒక్కో ధర ఉంటుంది, తొందరపడి మొదట కనిపించినది కొనకండి. కొనేముందు ఒకసారి ఆడి చూద్దామంటే ఊళ్లో బోర్డ్ గేమ్ కెఫేలు ఉన్నాయి. అలాంటి ఒక కెఫేలో, పేరు చెప్పను, గంటకు ఇంత అని మనిషి మనిషికీ డబ్బులు కట్టి ఇదే ఆట అడిగాం. నాకు లెక్కపెట్టే రోగం ఉంది. లెక్కపెడితే 101 ముక్కలే ఉన్నాయి. పోయినవాటిలో 55 ఒకటి. అక్కడి అబ్బాయిని అడిగితే, "మూడు ముక్కలే కదా మేడమ్" అన్నాడు. ఇంటర్‌లో ఎన్ని మార్కులొచ్చాయి నాయనా అని అడగబోయి ఊరుకున్నాను. దూరంలో ఉన్నవాళ్లతో ఆడాలంటే బోర్డ్ గేమ్ అరీనా అనే సైట్‌లో కూడా ఈ ఆట ఉంది. డల్లాస్‌లో ఉన్న మా ఎనిమిదో ఫ్రెండ్‌తో ఆదివారం పొద్దున అక్కడే ఆడతాం, ఆమెకప్పుడు శనివారం రాత్రి. లెక్కలన్నీ అదే వేస్తుంది. కానీ ఆ రెండు సెకన్ల నిశ్శబ్దం స్క్రీన్ మీద రాదు.

అసలు కొనకుండా కూడా ఆడొచ్చు. రమ్మీకి రెండు పేకలు కలుపుతాం కదా. జోకర్లు తీసేస్తే యాభై రెండు, యాభై రెండు, మొత్తం 104. సరిగ్గా సరిపోతుంది. మొదటి పెట్టె ఎల్బీనగర్ ఫ్రెండ్‌ది, ఆమె ఎప్పుడూ తీసుకుపోయేది. ఒక నెల ఆమె రాలేకపోయింది. అప్పుడు నాన్న బిస్కెట్ల రేకు డబ్బాలోంచి రబ్బరు బ్యాండ్లు వేసిన రెండు పేకలు తీశాను. రబ్బరు ముట్టుకోగానే తెగిపోయింది. పర్మనెంట్ మార్కరు తీసుకుని ఒక్కొక్క ముక్క మీద 1, 2, 3 అని రాసుకుంటూ వెళ్లాను. బుర్రలు గీసే ఓపిక లేదు, చుక్కలు పెట్టాను. అమ్మ పక్కనే కూర్చుని ఎండబెట్టింది, మార్కరు అంటుకోకుండా. ఇస్పేటు రాణి వచ్చినప్పుడు మాత్రం నా చేతిలోంచి తీసుకుని కాసేపు చూసింది. "ఇది మీ నాయిన ఎన్నడూ దించెటోడు గాదు" అంది. "ఏ ముక్క మీద రాయాలి మరి?" అన్నాను. "రాయ్, రాయ్. 55 రాయ్ దాని మీద" అని ఇచ్చేసింది.

ఆ తర్వాత నేను సొంతంగా కొత్త పెట్టె కూడా కొన్నాను, కానీ మా ఇంట్లో ఎక్కువగా బయటికి వచ్చేది ఆ రేకు డబ్బానే. కొత్త పెట్టెకు ఇంకో కష్టం వచ్చింది. నాగోల్ ఫంక్షన్ హాల్లో 73 పోయింది. ఏ దిండు కిందో ఉండిపోయి ఉంటుంది. దాని బదులు నాన్న పేకలోని జోకరు మీద 73 రాసి పెట్టాను. జోకరు వెనక డిజైన్ ఎర్రది, మిగతావన్నీ వేరే. కాబట్టి 73 ఎవరికి వచ్చిందో పంచేటప్పుడే అందరికీ తెలిసిపోతుంది, బోర్లా పెడితే ఎప్పుడు వేశారో కూడా తెలిసిపోతుంది. జోకరుతో సహా ముక్కలన్నిటికీ వెనక కనిపించని తొడుగులు వేస్తే సరిపోతుందని బ్యాంకు ఫ్రెండ్ సలహా ఇచ్చింది. ఎవరూ ఒప్పుకోలేదు. 73 వచ్చినవాళ్లు దాన్ని చివరిదాకా చేతిలో పట్టుకుని మిగతావాళ్లను ఏడిపించడం ఇప్పుడు మా ఆటలో ఒక భాగమైపోయింది. పోయిన నెల అది అమ్మకొచ్చింది. తొమ్మిది సార్లూ దాని మీద బొటనవేలు పెట్టి, వేయబోతున్నట్టు పైకి లాగి, మళ్లీ లోపలికి తోసింది. 72 ముక్క నా దగ్గరే ఉంది. ఎప్పుడు వేయాలో తెలియక చివరిదాకా దాన్ని పట్టుకునే కూర్చున్నాను.